మిర్చి కథ చెప్పాం, మునగాకు లెక్క చూపించాం

బిజినెస్ ప్లాన్ పోటీకి వెళ్లొచ్చామంటే అందరూ ముందు అడిగేది "ఐడియా ఎలా వచ్చింది?" అని. మా ఐడియా వెనక పెద్ద కథేమీ లేదు. మా టీంలో మెకానికల్ చదివేవాడి బాబాయి పెదనందిపాడు దగ్గర మిర్చి వేస్తారు. కాయ కల్లంలో ఉండగా మబ్బు పడితే ఇంటిల్లిపాదీ పరదా పట్టలు పట్టుకుని పరుగెత్తడం వాడు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అందుకని సోలార్ డ్రయ్యర్ అన్నాడు. నేను ఎంబీఏ కాబట్టి లెక్కలు నా నెత్తిన పడ్డాయి. బీఫార్మసీ జూనియర్ ఒకమ్మాయి మూడో మనిషి. తేమ, బూజు, ఆ బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం లాంటి మాటలు భయం లేకుండా మాట్లాడగలిగేది తనొక్కతే.

ఈ పోటీలు ఇప్పుడు దాదాపు ప్రతి కాలేజీలోనూ ఉన్నాయి. ఐఐటీ బాంబే వాళ్ల యురేకా, హల్ట్ ప్రైజ్ లాంటి పెద్దవి ఎప్పటి నుంచో ఉన్నాయనుకోండి. 2018లో కేంద్ర విద్యాశాఖ ఇన్నోవేషన్ సెల్ కాలేజీల్లో ఇన్నోవేషన్ కౌన్సిళ్లు పెట్టించాక చిన్న ఊళ్ల కాలేజీలకు కూడా ఏడాదికి ఇన్ని కార్యక్రమాలు చేసి చూపించాల్సిన పని పడింది. దాంతో కొన్నిచోట్ల ఇవి ఫొటోల కోసం నడిచే మొక్కుబడి తంతులే. మాది అలా లేదు. రెండు పేజీల సారాంశం, ఆ తర్వాత మెంటారింగ్, పూర్తి ప్లాన్, సెమీఫైనల్, చివర్లో స్టేజీ మీద ఐదు నిమిషాల పిచ్, అంటే ప్లాన్ చెప్పి జ్యూరీని ఒప్పించడం. మధ్యమధ్యలో టీములు రాలిపోతూ ఉంటాయి.

రెండు పేజీల సారాంశం సులువుగానే దాటాం. ఆ దశలో ఎవరూ లెక్కలు అడగరు. సమస్య నిజమేనా, రాసిన మనుషులకు దాని గురించి తెలుసా అన్నంత వరకే చూస్తారు. పండు మిర్చిలో ముప్పాతిక వంతు దాకా నీరే ఉంటుందనీ, దాన్ని పది శాతం దగ్గరికి తేవాలనీ, ఆరుబయట వారం నుంచి రెండు వారాలు పడుతుందనీ, ఈలోపు వాన గానీ మంచు గానీ తగిలితే కాయ తెల్లబడి తాలు (నాసిరకం) కింద పోతుందనీ రాశాం. యూరప్‌కు పంపే మసాలా దినుసుల్లో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదన్న వాక్యం మా ఫార్మసీ అమ్మాయి చేర్చింది. తర్వాత జ్యూరీలో ఇద్దరు గుర్తు పెట్టుకుని మరీ అడిగింది ఆ ఒక్క వాక్యం గురించే.

మెంటారింగ్‌లో మాకు దొరికిన అన్న హైదరాబాద్‌లో ఒక స్టార్టప్ నడిపి, అమ్మేసి వచ్చినవాడు. మంచివాడు, మహా తొందర మనిషి. మా పీపీటీ చూసి మొదటి స్లయిడ్‌లో బాబాయి ఫొటో పెట్టమన్నాడు. "కల్లం, ఎర్రటి మిర్చి, పైన నల్లమబ్బు. ఈ మూడూ ఒకే ఫొటోలో ఉంటే మీరు సగం గెలిచినట్టే" అన్నాడు. ఆ తర్వాత టామ్, సామ్, సోమ్ అంటూ మూడు వలయాలు గీయించాడు. మొత్తం మార్కెట్ ఎంత, అందులో మనం చేరగలిగింది ఎంత, నిజంగా మనకు దక్కేది ఎంత అని. రాష్ట్రంలో మిర్చి ఎన్ని ఎకరాల్లో వేస్తారో పట్టుకుని, దాన్ని డ్రయ్యర్ ధరతో గుణిస్తే కోట్లలో అంకె వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది గానీ ఆ స్లయిడ్ మీద నాకు మొదటి నుంచీ గురి లేదు. ఎకరాల్ని రూపాయలతో గుణించడానికి ఎంబీఏ దేనికి? పోటీ మొత్తంలో ఆ వలయాల మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అయినా అవి లేకుండా వెళ్లిన ఒక టీమును మాత్రం "మార్కెట్ సైజ్ ఎక్కడ?" అని నిలదీశారు.

పూర్తి ప్లాన్ రాయడానికి ముందు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాం. కాస్త చీకటి ఉండగానే వెళ్లాలన్నాడు బాబాయి. మేం వెళ్లేసరికే లారీలు, ట్రాక్టర్లు దిగుమతిలో ఉన్నాయి. ముఠా కూలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తున్నారు, ఆ ఘాటుకు మా ఫార్మసీ అమ్మాయి తుమ్ముతూనే నోట్స్ రాసుకుంటోంది. సర్వే ఫారం ఒకటి తయారు చేసుకుని వెళ్లాం, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేసే రకం. దాన్ని బయటికి తీసే పనే పడలేదు. అక్కడ ఎవరికీ మార్కులు వేసే తీరిక లేదు.

కొనేవాళ్లు కాయను ఎలా చూస్తారో అప్పుడే తెలిసింది. టిక్కీ కోసి గుప్పెడు కాయలు తీసి, ఒకటి వంచి చూస్తారు, ఇంకొకటి చెవి దగ్గర ఊపుతారు. గింజ గలగలమంటే ఎండినట్టు. తర్వాత రంగు. మా చేతిలో తేమ కొలిచే మీటరు ఉంది, వాళ్లకది అక్కర్లేదు. బాబాయికి తెలిసిన ఒక కమీషన్ వ్యాపారి టీ ఇప్పించి, మా డ్రయ్యర్ సంగతి ఓపిగ్గా విన్నాడు. విని ఒక్క మాట అడిగాడు.

"మీ డ్రయ్యర్‌లో కాయ ఇంకా బాగా ఎండుద్దా బాబూ?"

"ఎండుతుందండీ. పది శాతం తేమకు తెస్తాం."

"అయితే తూకం తగ్గుద్ది కదా. ఆ తగ్గినదానికి డబ్బులు ఎవరిస్తారు?"

పక్కనే ఉన్న బాబాయి నవ్వేశారు. కాయ కిలోల్లో అమ్ముడుపోతుంది. బాగా ఎండిన కాయ తేలికగా ఉంటుంది, పైగా కాటా వేసేలోపు విరుగుతుంది. అందుకే కొంతమంది విరక్కుండా కాస్త నీళ్లు చిలకరించి టిక్కీలు తొక్కుతారు. మేం శాస్త్రం ప్రకారం మేలు అనుకున్నది రైతు జేబులో నష్టంగా కనబడే అవకాశం ఉంది. రంగుకూ శుభ్రానికీ ఎక్కువ రేటు కడితేనే ఆ నష్టం పూడుతుంది. ఎగుమతి చేసేవాళ్లు, నూనె తీసే కంపెనీల వాళ్లు అలా కడతారట, కానీ నేరుగా మాట్లాడుకున్నప్పుడే. యార్డులో కలగలిసిన సరుకుకు కాదు. ఏ టెంప్లేట్‌లోనూ లేని సంగతి ఇది. మా ప్లాన్‌లో కస్టమర్ అనే పేజీ మొత్తం ఆ టీ కొట్టు దగ్గరే మారిపోయింది.

ఇక ఎక్సెల్. పోటీకి వెళ్లాలనుకునే జూనియర్లు నన్ను స్లయిడ్ల రంగుల గురించి అడుగుతుంటారు, నేను మాత్రం ఈ భాగమే చెబుతాను.

మా డ్రయ్యర్ అంటే జీఐ పైపుల చట్రం, పైన 200 మైక్రాన్ల యూవీ షీటు, లోపల ట్రేలు, తేమ గాలిని బయటికి లాగే ఫ్యాన్లు. యాభై చదరపు మీటర్లు. అన్నీ కలిపి ఒక లక్షా అరవై వేలు అవుతుందని తేల్చాం. ఒక విడతకు ఐదు క్వింటాళ్ల పండుకాయ పడుతుంది. నాలుగు కిలోల పండుకాయకు ఒక కిలో ఎండుకాయ అనుకుంటే విడతకు క్వింటాలుంపావు. మూడు రోజులకు ఒక విడత, మూడు నెలల సీజను, అంటే ముప్పై విడతలు. మొత్తం ముప్పై ఏడున్నర క్వింటాళ్లు. ఎకరానికి ఇరవై క్వింటాళ్ల దిగుబడి వేసుకున్నా మా డ్రయ్యర్ రెండెకరాలకు కూడా చాలదు. క్వింటాలు ఆరబెట్టడానికి రైతు ఐదొందలు ఇస్తాడనుకుంటే సీజను మొత్తానికి పద్దెనిమిది వేల ఏడొందల యాభై. లక్షా అరవై వేలు వెనక్కి రావాలంటే ఎనిమిదిన్నరేళ్లు. కూలీ, కరెంటు లెక్కలోకి రాకుండానే. ఈలోపు ఆ షీటును ఒకటి రెండుసార్లయినా మార్చాలి.

మా మెకానికల్ వాడు ఆ అంకె కేసి చాలాసేపు చూసి, "సైజు పెంచుదాం" అన్నాడు. సైజు పెంచితే ఖర్చూ పెరుగుతుంది, నిష్పత్తి అక్కడే ఉంటుంది. "రేటు పెంచుదాం" అన్నాడు. క్వింటాలుకు వెయ్యి తీసుకుంటే బాబాయి కూడా మా దగ్గరికి రారు, కల్లం ఊరకే ఉంది కదా. ఇక మిగిలింది ఒకటే దారి. ఏడాదిలో తొమ్మిది నెలలు ఖాళీగా ఉండే ఆ గుడారంలో ఇంకేదైనా ఎండాలి.

పసుపు అనుకున్నాం, పక్కనే దుగ్గిరాల మార్కెట్ ఉంది కాబట్టి. కానీ పసుపూ మిర్చి వచ్చే నెలల్లోనే తవ్వకానికి వస్తుంది. మామిడి తాండ్రకు నెలన్నర సీజను. చివరికి మా ఫార్మసీ అమ్మాయి వాళ్లమ్మ ఉన్న డ్వాక్రా సంఘం నుంచి వచ్చింది జవాబు. వాళ్లు అప్పటికే మునగాకు, కరివేపాకు పొడులు చేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నారు. డాబా మీద ఆరబెడితే దుమ్ము పడుతోంది, ఎండ ఎక్కువైతే ఆకు పచ్చదనం పోయి గడ్డిలా అయిపోతోంది. మా గుడారం మీద నల్ల షేడ్ నెట్ వేస్తే సరిపోతుంది. విడతకు వంద కిలోల పచ్చి ఆకు, రెండు రోజులు, ఇరవై కిలోల ఎండాకు. ఎండాకు కిలోకి నలభై చొప్పున ఆరబెట్టే కూలి ఇవ్వడానికి వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. మబ్బు రోజులు తీసేసి, మిర్చి లేని నెలల్లో డెబ్భై విడతలు పడతాయనుకుంటే యాభై ఆరు వేలు. మిర్చి డబ్బుకు మూడు రెట్లు, అదీ పూటకు రెండు గంటల పనితో. రెండూ కలిపితే డెబ్భై ఐదు వేల దరిదాపుకు వస్తుంది. ఖర్చులు పోను మూడు నాలుగేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. అప్పటికి మాది ప్లాన్ అని చెప్పుకునే స్థితికి వచ్చింది.

గొడవ కూడా అక్కడే మొదలైంది. లెక్క ప్రకారం మాది మునగాకు వ్యాపారం. కథ ప్రకారం మిర్చి వ్యాపారం. మెంటార్ అన్న ఫోన్‌లో తేల్చేశాడు: "తమ్ముడూ, స్టేజీ మీద మునగాకు అంటే నిద్రపోతారు. మిర్చి వదలొద్దు." ఫార్మసీ అమ్మాయికి ఒళ్లు మండింది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆ ఆడవాళ్ల ఫొటో ఎందుకు ఉండకూడదని ఆమె వాదన. నాకు ఆమె చెప్పిందే సబబుగా అనిపించింది, మెంటార్ చెప్పింది జరిగేదిగా కనిపించింది. చివరికి మొదటి స్లయిడ్ కల్లం, నాలుగో స్లయిడ్ సంఘం అని రాజీ పడ్డాం. రాజీ అంటే రాజీయే, పిచ్ మధ్యలో అతుకు కనబడుతూనే ఉండేది.

సెమీఫైనల్ ఒక క్లాస్‌రూంలో, తలుపులేసి జరిగింది. ప్రేక్షకులు లేరు కాబట్టి ప్రశ్నలు సూటిగా వచ్చాయి. జ్యూరీలో రిటైరైన బ్యాంకు మేనేజర్ ఒకాయన ఉన్నారు. మిగతావాళ్లు ల్యాప్‌టాప్‌లు చూసుకుంటుంటే ఆయన మాత్రం మా ఎక్సెల్ ప్రింటవుట్ మీద పెన్సిల్‌తో గీతలు పెడుతూ కూర్చున్నారు.

"రైతు నీకు డబ్బు ఎప్పుడిస్తాడమ్మా?"

"కాయ అమ్మాక సార్."

"కాయ కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని రేటు కోసం ఆరు నెలలు ఆగితే?"

మేం ముఖాలు చూసుకున్నాం. ఆయన కాగితం మా వైపు తిప్పి, "మరి ఆ ఆర్నెల్లూ నీ కిస్తీ ఈ సంఘం వాళ్లే కడతారు. అంటే అసలు యజమానులు వాళ్లే కావాలి. డ్రయ్యర్ మీరు పెట్టుకోవడం ఎందుకు, వాళ్లకే అమ్మండి" అన్నారు. తర్వాత బయట కారిడార్‌లో నిలబెట్టి పీఎంఎఫ్‌ఎంఈ పథకం గురించి చెప్పారు. 2020లో మొదలైన కేంద్ర పథకం అది. చిన్న ఆహార ప్రాసెసింగ్ యూనిట్లకు బ్యాంకు రుణంతో ముడిపెట్టి 35 శాతం సబ్సిడీ ఇచ్చేది, గరిష్ఠంగా ₹10 లక్షలు. లబ్ధిదారు వాటా కనీసం పది శాతం. మా డ్రయ్యర్ ధరకు అక్కడే వేలి మీద లెక్క వేశారు: సబ్సిడీ యాభై ఆరు వేలు, సంఘం వాటా పదహారు వేలు, రుణం ఎనభై ఎనిమిది వేలు. ఏడాదికి డెబ్భై ఐదు వేల రాబడి ఉన్న వస్తువుకు ఎనభై ఎనిమిది వేల అప్పు అంటే ఏ బ్యాంకూ కాదనదని ఆయన ధీమా. ఏ బ్యాంకూ కాదనదన్నది కాస్త ఎక్కువేనని తర్వాత తెలిసిందిలెండి.

మొత్తం పోటీలో మాకు దక్కిన అసలైన చదువు ఆ కారిడార్‌లో దొరికిందే. ఆరబెట్టే సేవ అమ్మేవాళ్లం కాస్తా డ్రయ్యర్లు తయారు చేసి అమ్మేవాళ్లమయ్యాం. ఫైనల్‌కు ముందు సగం స్లయిడ్లు మళ్లీ రాశాం.

ఫైనల్ ఆడిటోరియంలో. తెర పక్కన పెద్ద టైమర్, చివరి నిమిషంలో ఎర్రగా మారుతుంది. టెన్షన్‌లో నీళ్ల బాటిల్ మూత తీసే సంగతి కూడా మర్చిపోయాను. పిచ్ మెకానికల్ వాడు చెప్పాలని ముందు నుంచీ అనుకున్నాం, వాడి బాబాయి కథ కాబట్టి. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన నాలుగు వాక్యాల తర్వాత తడబడి, వాన గురించి చెప్పేటప్పుడు తెలుగులోకి వచ్చేశాడు. "మబ్బు పడితే మా పిన్ని పొయ్యి మీద కూర వదిలేసి కల్లానికి ఉరుకుద్ది" అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక వరసల్లో ఉన్నవాళ్లలో సగం మందివి రైతు కుటుంబాలే. అంత అతుకుల పిచ్‌లోనూ జనం ఫోన్లు పక్కన పెట్టి విన్నది ఆ ఒక్క నిమిషం. భాష గురించి నిబంధనల్లో ఏమీ లేదు, మరి అన్ని టీములూ ఎందుకు ఇంగ్లిష్‌లోనే కష్టపడతాయో నాకిప్పటికీ అర్థం కాదు.

ప్రశ్నల్లో ఒకటి గట్టిగా తగిలింది. కొత్త కంపెనీల్లో సొంత డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్ మేడమ్ ఒకరు, "పైపులు, షీటు, ఫ్యాన్లు. ఊళ్లో వెల్డింగ్ షాపు అతను రేపు ఇదే చేసి అమ్మితే మీరేం చేస్తారు?" అని అడిగారు. మా దగ్గర పేటెంట్ లేదు, వచ్చేదీ కాదు. నేను మైకు తీసుకుని, చెయ్యనివ్వండి మేడమ్, అతనికి సబ్సిడీ కాగితాలు చేసిపెట్టడం రాదు, ఏ ఆకు ఎంతసేపు ఆరితే ఎంత తేమ మిగులుతుందో పట్టిక ఉండదు, మేం అమ్మేది ఆ రెండూ అన్నాను. ఆమె తల ఊపారు గానీ ఒప్పుకున్నట్టు కాదు. తర్వాత భోజనాల దగ్గర కనిపించినప్పుడు చెప్పారు: "మంచి వ్యాపారమే, కానీ పెట్టుబడి పెట్టే వ్యాపారం కాదు. నాకు పది రెట్లు కావాలి, మీకు మూడేళ్లలో అసలు వస్తే చాలు." ఆ తేడా ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఆ వలయాల స్లయిడ్ మీద పెట్టిన రాత్రి నిద్ర మిగిలేది.

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది హాస్టల్ మెస్‌లలో వృథా అయ్యే అన్నాన్ని ముందే అంచనా వేసే సాఫ్ట్‌వేర్ చేసిన టీముకు వెళ్లింది. వాళ్లు మా క్యాంపస్ మెస్‌లోనే దాన్ని నడిపి చూపించారు. మా దగ్గర బాబాయి పొలంలో నిలబెట్టిన చిన్న నమూనా, దాని ముందు దిగిన ఫొటో మాత్రమే ఉన్నాయి. తీర్పులో నాకు తప్పేమీ కనిపించలేదు. మెకానికల్ వాడు మాత్రం రెండు రోజులు ముభావంగా తిరిగాడు. స్టేజీ మీద మనిషంత అట్ట చెక్కు ఇచ్చారు. అసలు డబ్బు రావడానికి టీం పేరున బ్యాంకు ఖాతా కావాలన్నారు, టీం అనేది చట్టం దృష్టిలో ఎవరూ కాదు కాబట్టి ఖాతా ఇవ్వరు. చివరికి ముగ్గురం సంతకాలు పెట్టి నా ఖాతాకు తెప్పించుకునేసరికి సెమిస్టర్ అయిపోయింది. ఆ అట్ట చెక్కు బస్సులో పట్టలేదు, ఆటోలో తీసుకెళ్లాం.

బహుమతితోపాటు ఇంక్యుబేషన్ సెంటర్‌లో, అంటే కొత్త స్టార్టప్‌లకు చోటిచ్చి సాయం చేసే చోట, ఒక టేబుల్ ఇచ్చారు. అక్కడి నుంచి స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ గురించి వెతికాం. దానికి రిజిస్టరైన సంస్థ ఉండాలి, కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని డీపీఐఐటీ విభాగం గుర్తింపు ఉండాలి. డిగ్రీలు చేతికి రాకముందే కంపెనీ పెట్టి ఏటా ఆడిటరుకు ఫీజు కట్టే ధైర్యం మాకు లేదు. నమూనా తయారీకి వ్యక్తులకూ డబ్బిచ్చే 'నిధి ప్రయాస్' అనే కేంద్ర పథకానికి దరఖాస్తు పెట్టాం. గరిష్ఠంగా ₹10 లక్షల దాకా ఇచ్చే పథకం అది. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగింది.

సంఘం వాళ్లు మాత్రం ఆగలేదు. మొదట వెళ్లిన బ్యాంకులో డ్రయ్యర్‌కు కొటేషన్ ఇచ్చే సంస్థకు జీఎస్టీ నంబరు లేదని దరఖాస్తు వెనక్కి పంపారు. దాంతో మెకానికల్ వాడు తెనాలిలో తెలిసిన ఫ్యాబ్రికేషన్ షాపాయనతో మాట్లాడి ఆయన బిల్లు మీద డ్రయ్యర్ చేయించాడు. ఏ వెల్డింగ్ షాపు అతను పోటీకి వస్తాడని మేడమ్ అన్నారో, మా మొదటి డ్రయ్యర్‌కు బిల్లు ఇచ్చింది అలాంటి ఆయనే. డిజైన్ మాది, తేమ పట్టిక మా ఫార్మసీ అమ్మాయిది, డ్రయ్యర్‌కు ఇంత అని మాకు ముట్టేది కొద్దిపాటి రుసుము. ఇప్పుడు పక్క ఊరి సంఘం కూడా అడుగుతోంది. వాళ్లకు కావాల్సింది మిర్చికీ కాదు, మునగాకుకీ కాదు, ఉల్లి ముక్కలకు. ఉల్లికి ట్రేల మధ్య ఎడం ఎంత ఉండాలో ఈ ఆదివారం వెళ్లి చూడాలి.